మూడు రోజుల ధర

“చారు గిన్నె మూత గట్టిగా నొక్కు. నిన్న మామ పంచె మీద కారినాదంట,” అన్నాడు మా ఆయన, వేపపుల్ల నోట్లో పెట్టుకునే. నేను క్యారియరు సర్దుతున్నాను. అడుగున అన్నం, దాని మీద పప్పు, ఆ పైన చారు, అన్నిటికన్నా పైన చిన్న గిన్నెలో వంకాయ వేపుడు. మూత గట్టిగానే నొక్కాను. ఆయన నోరు పుక్కిలించి, తువ్వాలుతో తుడుచుకుని, చారు గురించి చెప్పిన గొంతుతోనే ఇంకో మాట చెప్పాడు. “రేపు పదకొండు గంటలకు రిజిస్ట్రారు ఆఫీసుకు పోవాల. ఆ ఆకుపచ్చ చీర కట్టుకో. నీది ఒక సంతకం ఉండాది.”

ఏం సంతకమని అడిగాను. “ఇంటి సంగతిలే. మామా నేనూ మాట్లాడుకోనుండాము. నీకు అర్థమయ్యేది కాదు,” అని చొక్కా తగిలించుకుని బస్సుల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇంటి సంగతి నాకు అర్థం కాదట. తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో ఏ పెంకు కింద వాన కారుతుందో, ఏ మూల చెద పడుతుందో నాకొక్కదానికే తెలుసు. అయినా క్యారియరు చల్లారిపోతుందని బయలుదేరాను.

మామ అంటే మునిరామయ్య. మా ఆయనకు మేనమామ, నాకు వరసకు పెదనాయన. భార్య పోయి పన్నెండేళ్ళయింది, కూతుళ్ళిద్దరూ అత్తవారిళ్ళలో ఉన్నారు. మా ఇల్లు చంద్రగిరిలో కోటకు పోయే దారిలో ఉంటే, ఆయన ఇల్లు నాలుగు వీధుల అవతల. పొద్దున పదిన్నరకు ఒకసారి, దీపాల వేళకు ఒకసారి, ఈ ఇత్తడి క్యారియరు పట్టుకుని ఆ నాలుగు వీధులూ నేను తొమ్మిదేళ్ళు నడిచాను. మొదటి రోజు మా ఆయన, “పెద్దోడు, ఒంటి మనిషి. ఇంత ముద్ద పంపిస్తే మన కొంప మునిగిపోతాదా?” అన్నాడు. ఐరాలలో పెద్దకొడుకు దగ్గర ఉండే మా అత్త నాగులమ్మ వచ్చినప్పుడల్లా, “మా అన్నకు అన్నం పెట్టే కోడలు దొరికినాది, నా పుణ్యం,” అని వీధంతా చెప్పుకునేది. పుణ్యం ఆమెకు, పొగ నాకు.

పెదనాయనకు పప్పులో ఉప్పు ఒక పలుకు తగ్గినా తెలిసిపోతుంది. గిన్నెలు తిరిగి ఇచ్చేటప్పుడు, “అమ్మణ్ణీ, ఈ పొద్దు చారు పల్సగా ఉండాది,” అంటాడు. బాగున్న రోజున ఏమీ అనడు. ఆయన ఏమీ అనని రోజున నేను కొంచెం తేలిగ్గా ఇంటికి వచ్చేదాన్ని, ఎంత పిచ్చిదాన్నో చూడండి. యుద్ధం రోజుల్లో బియ్యానికి రేషను పెట్టాక, కార్డు మీద వచ్చే బియ్యం మా నలుగురికే చాలేది కాదు. పెదనాయన తన కార్డు బియ్యం పెద్దకూతురింటికి పంపేవాడు. ఆయన క్యారియరులో మాత్రం అన్నం తెల్లగా, పలుకు విడిగా ఉండాలి. అందుకని నేను రెండు పూటలా సంగటి తిన్నాను. సంగటి నాకేం కష్టం కాదు, పుట్టింట్లో అది తినే పెరిగాను. కానీ మూడేళ్ళుగా నేను ఒక్కదాన్నే ఎందుకు తింటున్నానని ఇంట్లో ఒక్కరూ అడగలేదే అని ఒక్కోసారి ముద్ద తుంచుతూ అనుకునేదాన్ని. రెండో కానుపుకు నొప్పులు మొదలైన పూట కూడా, నేను క్యారియరు ఇచ్చి వచ్చాకే మంత్రసానికి కబురు పెట్టారు.

నెలకు మూడు రోజులు నేను బయట చేరేదాన్ని. ఆ మూడు రోజులూ మా ఇంట్లో పొయ్యి వెలగదు. పిల్లలకు పక్కింటివాళ్ళు ఇంత పెట్టేవాళ్ళు. మా ఆయనా పెదనాయనా బస్సులు ఆగే చోట ఉన్న హోటలుకు పోయి తినేవాళ్ళు. ఇద్దరి డబ్బూ మా ఆయనే ఇచ్చేవాడు. నాలుగో రోజు తలకు పోసుకుని నేను వంటింట్లోకి అడుగు పెట్టగానే లెక్క చెప్పేవాడు. “మామ ఒక్కడికే మూడు దినాలకు రెండు రూపాయల నాలుగణాలు అయినాది. పూటకు ఆరణాలు లాగుతా ఉండాడు ఆ హోటలోడు. నీకేం, హాయిగా కూర్చుంటివి.” నేను తప్పు చేసినదానిలా గబగబా పొయ్యి అలికి అగ్గి రాజేసేదాన్ని.

ఇంటి సంగతి చెప్పాలి. ఆ ఇల్లు మా అవ్వ గురవమ్మది. చింతపండు కొట్టి, పిక్క తీసి, సంతల్లో అమ్మి అమ్మి కట్టుకున్న ఇల్లు. మూడు గదులు, ముందర తిన్నె, వెనకాల బావి. పోయేముందు దాన్ని నా పేర రాయించింది. ఇల్లు నా పేర ఉందన్న సంగతి మా ఆయన నాకు రెండుసార్లే గుర్తు చేశాడు. రెండుసార్లూ సంతకం కోసమే. మొదటిసారి ముప్పై ఏడులో. చిత్తూరు తిరుపతి బస్సులో వాటా కొంటానన్నాడు, పెదనాయన ఆరువందలు ఇస్తానన్నాడు. పెద్దపిల్ల అప్పుడు చంటిది. దాన్ని ఒళ్ళో వేసుకుని, దస్తావేజులు రాసే కాశిం సాహెబ్ గారు వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేశాను. “అచ్చరాలు గుండ్రంగా ఉండాయే,” అన్నాడు పెదనాయన. నాకు ఆ మాటకే పొంగు వచ్చింది. నాలుగో తరగతి దాకా చదివినదాన్ని, కాగితంలో ఏం రాశారో మాత్రం చదవలేదు. ఇప్పటికీ ఎవరి మీదా రానంత కోపం నా మీద నాకు అక్కడే వస్తుంది. బస్సు వాటా ఎంతోకాలం నిలవలేదు. యుద్ధంలో పెట్రోలు కరువై, బస్సుకు బొగ్గు పొయ్యి తగిలించి నడిపి, చివరికి అదీ చెడిపోయి, వాటా పోయింది. ఇప్పుడు మా ఆయన ఇంకొకరి బస్సుకు టిక్కెట్లు రాస్తాడు.

ఆ మధ్యాహ్నం అంట్లు తోముతుంటే వెనక గోడ అవతల నుంచి ఉమ్మే సల్మా పిలిచింది. కాశిం సాహెబ్ గారి కూతురు. మొగుడు మద్రాసులో ఇంకో సంసారం పెట్టాక పుట్టింటికి వచ్చేసింది. కాశిం సాహెబ్ చేతిరాత అంటే ఈ చుట్టుపక్కల పేరు. అయితే మూడేళ్ళుగా ఆయన కళ్ళకు పొర కమ్మింది. ఆయన రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో కూర్చుని మాట్లాడతాడు, ఇంట్లో పరదా వెనక కూర్చుని రాసేది సల్మా. ‘వ్రాసినది కాశిం సాహెబ్’ అని చివర రాసేది కూడా సల్మానే.

“ఆనందక్కా, నేను చెప్పకూడదు. ఒకరి కాగితం ఇంకొకరికి చెప్తే మా పని పోతాది,” అంది. చేతులు సిరాతో నల్లగా ఉన్నాయి. “కానీ ఇది నీ కాగితమే గదా. రేపు నువ్వు పెట్టే సంతకం దేనికో తెలుసునా?”

తెలియదన్నాను.

“మీ ఇల్లు మునిరామయ్యకు అమ్మేస్తా ఉండావు.”

నేను చెయ్యి కడుక్కుని గోడ పక్కన గడప దాటి వాళ్ళ పెరట్లోకి వెళ్ళాను. రెండు కాగితాలు నా ముందర పెట్టింది. ఒకటి తొమ్మిదేళ్ళ నాటి తనఖా పత్రం, పెదనాయన రేపటి కోసం వాళ్ళకిచ్చింది. రెండోది ఆమె రాస్తున్న క్రయపత్రం, సిరా ఇంకా ఆరలేదు. అసలు ఆరువందలు, తొమ్మిదేళ్ళ వడ్డీ ఆరువందల నలభై ఎనిమిది, ఇదంతా కట్టలేక, పైన ఇంకో నూట యాభై రెండు రూపాయలు పుచ్చుకుని ఇల్లు అమ్ముతున్నట్టు అందులో నేను చెబుతున్నాను. నేనే చెబుతున్నాను, ‘నా మనఃపూర్వకముగా’ అని.

“తనఖా అంటే ఏమి సల్మా?” అని అడిగాను. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, తొమ్మిదేళ్ళు తనఖాలో కాపురం చేశాక, మొదటిసారి అడిగాను.

పెరట్లో ఆరబోసిన చింతపిక్కలు దోసెడు తీసుకుని తిన్నె మీద పోసింది. “ఇది అసలు. నీకిచ్చిన ఆరువందలు. ఇది తీరేదాకా ఇల్లు నీదే, కానీ దాని మెడకు తాడు ఉండాది, తాడు ఆయన చేతిలో ఉండాది. ఇది వడ్డీ,” అని పక్కన ఆరు పిక్కలు పెట్టింది. “నూటికి రూపాయి లెక్కన నెలకు ఆరు రూపాయలు. నువ్వు ఆరిస్తే ఆ నెలకు సరి, అసలు అట్నే ఉంటాది. నువ్వు ఇరవై ఇచ్చినావనుకో, ఆరు వడ్డీకి పోతాది, పద్నాలుగు అసలులో తగ్గాల. అసలు తగ్గితే మరుసటి నెల వడ్డీ గూడా తగ్గాల. అట్ట తగ్గి తగ్గి అసలు తీరిపోతే కాగితం నీ చేతికి వచ్చేయాల.” పెద్ద కుప్పలోంచి పిక్కలు తీసి పక్కకు జరుపుతూ చెప్పింది. “ఇచ్చినప్పుడల్లా పత్రం వెనకాల చెల్లు రాయించుకోవాల. ఫలానా దినం ఫలానా మొత్తం ముట్టినాది అని, ఆయన చేతిరాతతో. చెల్లు లేకపోతే ఇచ్చినా ఇయ్యనట్టే.”

పత్రం తిప్పి చూపించింది. వెనక పక్క తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు.

“మేమేమీ ఇయ్యలేదు గదా, మరి,” అన్నాను.

సల్మా పత్రం కింద పెట్టింది. “అక్కా, ఆ పొద్దు నాకు పద్నాలుగేండ్లు. పరదా వెనకాల సిరా కలుపుతా ఉంటి. మునిరామయ్య మీ ఆయనతో అన్నాడు, వడ్డీ నగదుగా వద్దులే ధనంజయా, పూటకింత అన్నం పంపించు, సాలు, అని. మా అబ్బా అడిగినాడు, ఆ సంగతి పత్రంలో రాయమంటారా అని. ఇద్దురూ నవ్వినారు. అన్నం మెతుకులు గూడా పత్రంలో రాస్తారా సాయిబూ, అన్నం ఏమన్నా అమ్ముకునే సరుకా, అని.”

తిన్నె మీద కూర్చుండిపోయాను. మర్యాద అనుకున్నాను. పుణ్యం అన్నారు, సరే అనుకున్నాను. వడ్డీ అట. తొమ్మిదేళ్ళు ఎండలో వానలో నేను మోసుకెళ్ళింది మా ఆయన బస్సు వాటాకు వడ్డీ. ఆ సంగతి మా ఆయనకు తెలుసు, పెదనాయనకు తెలుసు, కాశిం సాహెబ్‌కు తెలుసు, పరదా వెనక పద్నాలుగేళ్ళ పిల్లకు కూడా తెలుసు. కట్టినదానికి తప్ప అందరికీ తెలుసు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది.

“హోటల్లో పూటకు ఎంత?” అంది సల్మా.

“ఇప్పుడు ఆరణాలు. రేషను రాకముందు రెండణాలు.” ఎలా తెలుసంటే మా ఆయన నెలనెలా చెప్పాడు కాబట్టి తెలుసు. నెలకు మూడు రోజులే నా వంటకు ధర ఉండేది, నేను వండని మూడు రోజులు. మిగతా ఇరవై ఏడు రోజులూ నేను వండాను కాబట్టి దానికి ధర లేదు.

సల్మా పాత చిత్తుకాగితం వెనక లెక్క వేసింది. హోటలు డబ్బూ మా ఆయనే ఇచ్చాడు కాబట్టి నెలకు ముప్పై రోజులూ కట్టింది. మొదటి ఆరేళ్ళు పూటకు రెండణాలు, నెలకు ఏడున్నర రూపాయలు, అంతా కలిపి ఐదువందల నలభై. తర్వాత మూడేళ్ళు పూటకు ఆరణాలు, నెలకు ఇరవై రెండున్నర, కలిపి ఎనిమిదివందల పది. మొత్తం పదమూడువందల యాభై. అసలూ వడ్డీ కలిపినా పన్నెండువందల నలభై ఎనిమిదే. “అసలు తగ్గేకొద్దీ వడ్డీ తగ్గాల్సింది నేను లెక్కలోకే తీసుకోలేదక్కా. అట్ట తీసుకోకపోయినా నూట రెండు రూపాయలు ఆయనే నీకు బాకీ.” లెక్క సరిపోయినందుకు ఆమె మొహంలో సంతోషం. నాకు మాత్రం ఆ అంకెలు నమ్మబుద్ధి కాలేదు. రెండుసార్లు కూడి చూసుకున్నాను.

ఆ సాయంత్రం కూడా క్యారియరు తీసుకెళ్ళాను. పెదనాయన కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. “పెదనాయనా, ఒక మాట. ఈ అన్నం ఏం లెక్క?” అని అడిగాను. ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. “అన్నానికి లెక్కేంది అమ్మణ్ణీ? నా చెల్లెలి కొడుకు ఇంటి ముద్ద ఇది. కూతుళ్ళు పెట్టలేదు, నువ్వు పెట్టినావు. దీన్ని వడ్డీలో కట్టేంత హీనుణ్ణా నేను?” ఆయన కళ్ళు నిజంగానే తడిశాయి. అబద్ధం చెబుతున్నాడని నాకు అనిపించలేదు. తొమ్మిదేళ్ళు తిన్నాక ఆయనకు అది ప్రేమే అయిపోయింది. ప్రేమకు వెల లేదు. వెల లేదు కాబట్టి వడ్డీ బాకీ అలాగే ఉంది. బాకీ ఉంది కాబట్టి ఇల్లు ఆయనది. ఇంత మెత్తటి మాటతో కూడా ఇల్లు పోతుందని నాకు అంతవరకు తెలియదు. గిన్నెలు కడిగి తీసుకుని వచ్చేశాను.

పొద్దున మా ఆయన గడ్డం గీసుకుంటుంటే అద్దం పక్కన నిలబడి అడిగాను, అన్నం వడ్డీకి ఒప్పుకున్న మాట నిజమేనా అని. కత్తి ఆగింది. “ఎవురు సెప్పినారు నీకు?” అన్నాడు. తర్వాత, “ఆ పొద్దు అట్ట అనుకుంటిమి. మామను పట్టుకోని చెల్లు రాయి అని అడిగేదెట్టమ్మే? అన్నం పెట్టి కాగితం మీద రాయించుకుంటే నలుగురూ మొహాన ఊయరా?” అన్నాడు. ఇల్లు అమ్మినా బాడుగకు ఇక్కడే ఉండొచ్చట, మామ ఖాళీ చెయ్యమనడట. ఆ నూట యాభై రెండు పెట్టి లారీలో వాటా తీసుకుంటాడట. చెబుతుంటే ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగింది. నాకు జాలి కూడా వేసింది. బస్సు పోయిన దగ్గర నుంచి ఆయన ఏ పనిలోనూ కుదురుగా లేడు.

“నా ఇంట్లో నేను బాడుగకు ఉండాలనా?”

“నీ ఇల్లు నా ఇల్లు ఏందిప్పుడు? ఆయన తిన్నాడు, నువ్వు పెట్టినావు, అయిపాయ. బియ్యం పప్పు నేను తెస్తే నువ్వు ఉడకేసినావు. అందులో నీది ఏముండాది?”

“నువ్వు తెచ్చింది బియ్యం. ఆయన తిన్నది అన్నం,” అన్నాను.

కత్తి జారి గడ్డం తెగి, ఆయన తువ్వాలు వెతుక్కున్నాడు.

ఆకుపచ్చ చీరే కట్టుకున్నాను. వంట చేసి, క్యారియరు సర్ది, చారు మూత గట్టిగా నొక్కి, దాన్ని పట్టుకునే రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళాను. వరండాలో కాశిం సాహెబ్ చాప మీద ఉన్నాడు, పక్కన పెదనాయన, మా ఆయన. ఇంకా నలుగురైదుగురు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. “క్యారియరు ఈడికే తెచ్చినావా అమ్మణ్ణీ, మంచి పని,” అన్నాడు పెదనాయన. నేను క్యారియరు నా ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

“సాహెబ్ గారూ, పాత పత్రం ఒకసారి ఇయ్యండి.” ఆయన తడుముకుని ఇచ్చాడు. దాన్ని బోర్లా తిప్పి పెదనాయన ముందర పెట్టాను. “పెదనాయనా, నేను పెట్టింది వడ్డీ అయితే ఈడ చెల్లు రాయండి. మర్యాద అయితే, తొమ్మిదేండ్లు పెట్టిన మర్యాదకు బదులు నా ఇంటి జోలికి రాకుండా ఉండండి. ఏదో ఒకటి మీరే సెప్పండి. రెండూ కాదంటే నేను సంతకం పెట్టను.”

“ఏమ్మే, లెయ్, ఇంటికి పా,” అన్నాడు మా ఆయన.

“అన్నం పెట్టి లెక్క అడిగే ఆడదాన్ని ఈ పొద్దే సూస్తా ఉండా,” అన్నాడు పెదనాయన. మొహం ఎర్రబడింది. “కోర్టుకు పోతాను. పత్రం వెనకాల చెల్లు యాడుండాది? సాచ్చి ఎవురుండారు?”

కాశిం సాహెబ్ పొర కమ్మిన కళ్ళు ఆ గొంతు వచ్చిన వైపు తిప్పాడు. సల్మా పొద్దున ఆయనతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. “మునిరామయ్యా, నేను నీ పత్రం రాసినోణ్ణి. అన్నం సంగతి రాయమంటావా అని ఆ పొద్దు నిన్ను అడిగితి. మీరిద్దురూ నవ్వినారు. కోర్టులో నన్ను అడిగితే ఆ మాటా సెప్తా, ఆ నవ్వు గూడా సెప్తా. అల్లా ముందర అబద్ధమాడలేనప్పా,” అన్నాడు.

పక్కన కూర్చున్న ముసలాయన ఒకడు, ఎవరో బంగారుపాళ్యం నుంచి వచ్చినవాడు, “ఏందీ, వడ్డీకి అన్నం తిన్నాడా?” అని పక్కవాణ్ణి అడగడం అందరికీ వినిపించింది. పెదనాయన భుజం మీది కండువా సర్దుకున్నాడు. అన్నం పేరు కాగితం మీద రాయడం సిగ్గని ఆనాడు నవ్వినవాళ్ళు ఆ సిగ్గుతోనే ఇప్పుడు తల వంచుకుని కూర్చున్నారు. ఆయన నా వైపు చూడలేదు, నా ఒళ్ళో క్యారియరు వైపు చూశాడు. చాలాసేపటికి, “హోటలు కూడు నాకు అరగదు,” అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

కలం నేనే అందించాను. ఆయన చేతిరాతతోనే రాశాడు. ఈ తేదీ వరకు వడ్డీ యావత్తూ భోజనం మూలకంగా ముట్టినది, అని. ఎవరి వల్ల ముట్టిందో రాసే చోట ‘ధనంజయ’ అని ధ అక్షరం పెట్టాడు. “అది నేను,” అన్నాను. కొట్టేసి, ‘ఆనందమ్మ’ అని రాశాడు. అక్షరాలు గుండ్రంగా ఏమీ లేవు, వంకరపోయాయి. అవి చూసి నాకు సంతోషం కలగలేదు. ఆయన ఆకలి నాకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. క్యారియరు మూత తీసి, సాహెబ్ చాప పక్కన విస్తరి వేసి, వడ్డించి చెప్పాను. “ఈ పూట నుంచి ఆరణాలు, పెదనాయనా. నెల నెలా చెల్లు. వడ్డీకి పోను మిగిలింది అసలుకు. ఆ మూడు దినాలు మీ డబ్బుతో హోటల్లో తినండి.” ఆయన పప్పు కలుపుకుంటూ తల ఊపాడు. మరుసటి రోజు క్యారియరు తీసుకెళ్ళినప్పుడు, అడగకుండానే, తన రేషను కార్డు నా చేతిలో పెట్టాడు.

వడ్డీకి పోను మిగిలిన ఏడువందల రెండు రూపాయలు వదిలేశానని సల్మా ఇప్పటికీ సణుగుతుంది. ఆనాడు ఒప్పుకున్నది వడ్డీకే గదా, మిగిలింది ఆయన కన్నీళ్ళకు పోయిందనుకో అంటాను. మొదటి నెల ఇరవై ఏడు రోజులకు ఇరవై రూపాయల నాలుగణాలు చెల్లు పడింది. ఆరు రూపాయలు వడ్డీకి పోను పద్నాలుగు రూపాయల నాలుగణాలు అసలులో తగ్గాయి. రెండో నెల వడ్డీ ఎంతని సల్మాను అడిగితే, ఐదు రూపాయల పదమూడణాల చిల్లర అంది. రెండణాలు తగ్గింది. ఆ రెండణాలు చూసుకుని నేను మనసారా నవ్వాను. ఇలాగే సాగితే మూడేళ్ళకు ఇంటి మెడకున్న తాడు ఊడిపోతుంది.

ఆ రోజు నేనూ అన్నమే వండుకుని, ముందుగా తిన్నాను. మా ఆయన బస్సు దిగి వచ్చి, కాళ్ళు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు. నెల రోజులుగా ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. వడ్డిస్తుంటే, కిటికీలో పెట్టిన నా లెక్కకాగితం వైపు ఒకసారి, నా చేతిలో గరిట వైపు ఒకసారి చూసి, నవ్వు తెచ్చుకున్నాడు. “ఏందమ్మే, నాకు గూడా లెక్క కడతావా?”

పప్పు వేసి, గరిట గిన్నెలో పెట్టాను.

“ఇంకా మొదలుపెట్టలేదు,” అన్నాను.